ఎవరి దండో అడగని వాకిలి

మొన్న ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మా ఆయన నన్నూ పిల్లల్నీ ఖమ్మంలో కొత్తగా తెరిచిన ఓ హోటల్‌కు తీసుకుపోయాడు. లోపల గోడలకు వెదురు తడికలు కొట్టి, లాంతర్లు వేలాడదీసి, పల్లెటూరు చేశామనుకున్నారు. సర్వర్ మట్టి మూకుడు తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీయగానే పొగ వాసన ముఖానికి తగిలింది. ఎండిన మాంసాన్ని నిప్పుల మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, నూనెలో వేస్తే వచ్చే వాసన. ఉప్పు, పసుపు, కాస్త మాడిన కొవ్వు. మెనూ కార్డులో దానికి అడవి పేరేదో తగిలించి గొప్పగా రాసుకున్నారు. పిల్లలు లొట్టలేసుకుంటూ తింటున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బాగాలేదా అని మా ఆయన అడిగాడు. బాగానే ఉంది, నా కోపం దాని మీద కాదు అన్నాను. తిండి ముందు కూర్చుని కోపం తెచ్చుకునే మనిషి ఆ హోటల్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇవే ఒట్టి తునకలు వాకిట్లో ఆరేసినందుకు ఒక మనిషిని జీపెక్కించారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ గుడిలో రొట్టె పంచుకునే ప్రభువు బల్లకు దూరంగా కూర్చోబెట్టారు. ఆమె పేరు దీనమ్మ. ఆమెకు జరిగింది తలుచుకుంటే ఇన్నేళ్ళయినా నాకు అన్నం సయించదు.

దీనమ్మ నాకు చుట్టం కాదు, ఇల్లు కిరాయికిచ్చిన మనిషి. మాది ముదిగొండ పక్కన చిన్న ఊరు. టీటీసీ చదివి, చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే దారిలో ఓ ఊరి బడికి విద్యా వాలంటీరుగా వెళ్ళాను. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఊళ్ళో సగం మంది ప్రొటెస్టెంట్ క్రైస్తవులు, పల్లం వైపు కోయ గూడెం. బస్సు ఊరి దాకా రాదు. వానాకాలం వాగు పొంగిందంటే అసలు ఏదీ రాదు. కూరగాయల బండి, సంత, డాక్టరు, అన్నీ అవతలి ఒడ్డునే. అందుకే ఆ ఊళ్ళో ఎండాకాలమంతా ఆడవాళ్ళు ఏదో ఒకటి ఎండబెడుతూనే కనిపించేవారు. మామిడి ఒరుగులు, ఇప్పపువ్వు, చేపలు, చింతపండు. మాంసం మాత్రం ఎవరి ఇంట్లో వాళ్ళు ఎండబెట్టుకునేవారు కాదు. అది దీనమ్మ పని. ఊరి చివర పెద్ద బండ మీద ఆమె ఇల్లు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఎండ తగిలే వాకిలి ఊరంతటికీ అదొక్కటే. ఆమె భర్త మాంసం కొట్టేవాడు, నేను వెళ్ళేనాటికే పోయాడు. ఉన్న ఒక్క కూతురూ చిన్నప్పుడే జ్వరంతో పోయిందట. ఆయన కత్తి, ఆయన పని, రెండూ ఆమెకు మిగిలాయి.

పేరుకే దీనమ్మ. నోరు తెరిచిందంటే వీధి కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. మొదటి రోజే నా పెట్టె సర్దిన తీరు బాగాలేదని తిట్టింది, రెండో రోజు బియ్యంలో నీళ్ళు ఎక్కువ పోశానని తిట్టింది. నేను కథోలికురాలినని తెలిశాక ఆమెకు ఇంకో ఆట దొరికింది. మీ ఆర్.సి.ఎం. వాళ్ళకు దేవునితో నేరుగా మాట్లాడే ధైర్యం లేదు, మరియమ్మ తల్లితో సిఫారసు చేయించుకుంటారు అనేది. మీకు సిఫారసు చేసేవాళ్ళు లేకనే కదా మీ పాటలు అంత గట్టిగా పాడతారు అని నేను అనేదాన్ని. ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఆ రోజు నుంచి నాకు కూర గిన్నెలో పెట్టి ఇవ్వడం మానేసి, తనతో పాటే పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని పెట్టింది. దగ్గర్లో మా గుడి లేదు కాబట్టి ఆదివారం నేనూ ఆమె వెంట వాళ్ళ గుడికే పోయేదాన్ని.

బీడీల తునికాకు కోసిన డబ్బులు చేతికొచ్చే వారాల్లో ఆ వాకిలి చూడాలి. ఊరంతా కలిసి మేకో గొర్రో, యాటలు కోసి పోగులు వేసుకునేవారు. తిన్నంత తిని, మిగిలింది వానాకాలానికని దీనమ్మకు తెచ్చి ఇచ్చేవారు. గొడ్డుమాంసం తినేవాళ్ళు పెద్దకూర తెచ్చేవారు. ఆమె బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మాంసాన్ని నరం వెంబడి కోసుకుంటూ పోయేది. మూరెడు పొడుగున సాగినా తునక తెగేది కాదు. ఉప్పూ పసుపూ పట్టించి తాడుకు గుచ్చి దండెం మీద వేలాడదీసేది. కాకులు రాకుండా చుట్టూ ముళ్ళకంప, ఈగలు వాలకుండా పైన పాత పలుచని చీర. సాయంత్రం దండలన్నీ లోపలికి తీసి పొయ్యి పైన పొగకు కట్టేది. విరిస్తే ఎండుపుల్లలా విరగాలి, అప్పుడే కుండకెత్తాలి. ఏ ఇంటి దండకు ఆ ఇంటివాళ్ళే తమ పాత బట్టల్లోంచి ఓ పేలిక చించి కట్టి పోయేవారు. వానలు పడే ముందు వచ్చి పేలిక చూసుకుని తమ దండ తీసుకునేవారు. ఆరబెట్టినందుకు ఆమెకూ ఓ నాలుగు తునకలు పెట్టేవారు.

మొదటి ఏడు ఓ సాయంత్రం దండలు లోపలికి అందిస్తూ, నల్లటి దండ ఒకటి చూసి ఇది ఏం మాంసం, ఎవరిది అని ఊరికే అడిగాను. ఆమె చేతిలో పని ఆపింది.

"ఈ వాకిట్ల ఆ మాట అడగొద్దు బిడ్డా. ఎవరి దండ ఏందో నాకొద్దు, నీకొద్దు. తెచ్చుకున్నోళ్ళు కష్టపడి తెచ్చుకున్నరు, వాళ్ళే తింటరు. నడుమ నీకేం పని?"

తర్వాత చల్లబడ్డాక తనే చెప్పింది. ఒకప్పుడు ఎవరి వాకిట్లో వాళ్ళే ఆరేసుకునేవారట. దారిన పోయేవాళ్ళు దండెం చూసి, వీళ్ళు ఫలానాది తినేవాళ్ళు అని ముక్కు మూసుకుని పోయేవారట. బడిలో పిల్లలు పిల్లల్ని ఆ పేర్లతోనే పిలిచేవారట. ఆమె కూతురు అలా ఏడుస్తూ ఇంటికి వచ్చిన రోజున ఆమె భర్త ఊరందరి మాంసం తెచ్చి తన వాకిట్లోనే కలిపి ఆరేశాడు. ఎండాక అన్నీ ఒకటే నలుపు, ఒకటే వాసన. వేలెత్తి చూపాలంటే ఊరు మొత్తాన్నీ చూపాలి. అడగకూడదన్న మాట అప్పట్నుంచి ఆ వాకిట్లో నిలిచిపోయింది. నేను ఎన్నో బడుల్లో పనిచేశాను, గోడల మీద రాసిన మంచి మాటలు చాలా చూశాను. ఆ మాటకు సాటి వచ్చేది ఒక్కటీ చూడలేదు. ఆమెను చివరికి పట్టిచ్చిందీ ఆ మాటే.

నేను చెప్పబోయే ఆ ఎండాకాలంలో ఒకరోజు సంఘ పెద్ద భార్య వాకిట్లోకి వచ్చింది. సంఘ పెద్ద అంటే ఆ ఊరి గుడికి పెద్ద. పాస్టర్ గారు నెలకోసారి చండ్రుగొండ వైపు నుంచి వచ్చిపోయేవారు, మిగతా రోజులు గుడి ఈయన చెప్పినట్టే నడిచేది. మామిడి తోట, ట్రాక్టరు, మండలాఫీసులో మాట చెల్లుబడి, అన్నీ ఉన్న మనిషి. వాళ్ళింటి మాంసం ఎప్పుడూ జీతగాడు తెచ్చేవాడు. ఆ రోజు ఆమే స్వయంగా స్టీలు గిన్నె మీద కొంగు కప్పుకుని తెచ్చింది. దీనమ్మ మూత తీసి చూసింది, ఓ ముక్క రెండు వేళ్ళతో నొక్కింది, ఆమె ముఖం వంక చూసింది. వచ్చినావిడ చూపు తిప్పుకుని, యాట మాంసమే అంది. ఎవరూ అడగకుండానే అంది. దీనమ్మ కత్తి అందుకుంది. ఆమె వెళ్ళిపోయాక నేను నోరు తెరవబోతే, నువ్వు మూసుకో అన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆ రోజు ఆ గిన్నె తిరిగి పంపించి ఉంటే ఎంత బాగుండేది. ఈ విషయంలో దీనమ్మ మీద కూడా నాకు కోపమే. ఊరందర్నీ తిట్టే నోరు ఆ ఒక్క గిన్నె ముందు ఎందుకు పడిపోయింది? నిన్నటి దాకా అడగని మాట, వచ్చింది పెద్దింటావిడ కదా అని ఇవాళ అడిగితే రేపు గూడెం వాళ్ళని కూడా అడగాల్సి వస్తుందని తర్వాత సర్ది చెప్పింది. నేను సర్దుకోలేదు.

దండలు ఇంకా పూర్తిగా ఎండకముందే, ఓ పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే వాగు మలుపు దగ్గర జీపు చప్పుడైంది. జంగ్లాతోళ్ళు అన్నది దీనమ్మ. అడవి జవాన్లను అక్కడ అలాగే అంటారు. అనడమే కాదు, లేచి దండెం దగ్గరికి పోయి ఒక్కో దండకున్న పేలిక పీకడం మొదలుపెట్టింది. ఎర్రది, పువ్వులది, లుంగీ ముక్క, గూడెం వాళ్ళు కట్టిన నారపోగు, అన్నీ పిడికిట్లో చుట్టి నీళ్ళు కాగుతున్న పొయ్యిలో వేసింది. నాకేమీ అర్థం కాలేదు. నువ్వు బడికి పో అని కసిరింది. నేను పోలేదు.

అడవిలో ఎవరో ఉచ్చు వేసి దుప్పిని పట్టారనీ, ఈ ఊళ్ళో మాంసమంతా ఒకే చోట ఆరేస్తారని తమకు తెలిసిందనీ జీపు దిగిన అటవీ అధికారి చెప్పాడు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. అప్పటికి ఊరు ఊరంతా కంప బయట మూగింది. ఏ దండ ఎవరిది అని ఆయన అడిగాడు.

"అన్ని నావే," అన్నది దీనమ్మ.

ఇంత మాంసం ఒక్కదానివే తింటావా అని ఆయన ఎగతాళిగా అన్నాడు. వానాకాలం పెద్దది, తింటా అంది. అప్పుడు ఆయన గుంపులో తెల్లచొక్కా చూసి, పెద్దమనిషి మీరైనా చెప్పండి అన్నాడు. సంఘ పెద్ద ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. మా సంఘంలో ఇలాంటి పని చేసేవాళ్ళు లేరు సార్, ఈమె ఎవరి దగ్గర ఏం తీసుకుంటుందో మాకు తెలియదు, గూడెం వైపు అడిగితే ఏమైనా తెలుస్తుందేమో అన్నాడు. తన గిన్నెలో వచ్చిన మాంసం కళ్ళ ముందే వేలాడుతోంది. ఆ మనిషి వేలు చూపించింది గూడెం వైపు. దీనమ్మ చటుక్కున అటు తిరిగింది.

"గూడేన్ని ఎందుకు గుంజుతున్నవ్ అయ్యా. నావే అంటున్న గదా."

దండలన్నీ గోనెసంచుల్లో కుక్కారు. ఆమెను జీపెక్కించారు. ఎక్కేటప్పుడు చెప్పు జారితే వంగి తీసుకుని మళ్ళీ తొడుక్కుంది. కంప బయట నిలబడ్డ వాళ్ళలో, అందులో మా యాట దండ కూడా ఉంది సార్ అని ఒక్క నోరు లేవలేదు. ఒక్కరు అన్నా ఇంకొకరు అనేవారు. పదిమంది అంటే అది ఊరి విషయమయ్యేది. ఎవరూ అనలేదు. నేను ఎన్నడూ ఏ గుంపునూ అంతగా అసహ్యించుకోలేదు.

మాంసాన్ని పరీక్షకు పంపారు. అందులో చుక్కల దుప్పి ఉందని తేలింది. మిగతాదంతా యాట, పెద్దకూర అని కూడా తేలిందట, దాన్ని పట్టించుకున్నదెవరు? ఆమె సబ్ జైల్లో ఉండగా నేను చూడ్డానికి పోయాను. ఊళ్ళో బోరింగు దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు వింటే నా రక్తం ఉడికిపోయేది. మా వానాకాలపు తిండంతా జీపెక్కించింది, పేలికలు పీకకుండా ఉంటే మా దండలు మాకు మిగిలేవి అని. పేలిక ఉంటే దండతో పాటు వాళ్ళ మొగుళ్ళను కూడా జీపెక్కించేవాళ్ళని ఒక్కరికీ తోచలేదు. తోచినా ఒప్పుకోలేదు. చివరికి మేకలు అమ్ముకుని, వకీలును పట్టుకుని, జామీను నిలబడి ఆమెను విడిపించింది ఎవరో తెలుసా? గూడెంలో ఉండే ఓ కోయ మనిషి. ఇతనెందుకు నిలబడ్డాడా అని నేను ఆశ్చర్యపోయాను.

ఆమె తిరిగొచ్చిన రోజు, ఖాళీ దండేల కింద కూర్చుని టీ తాగుతుంటే అడిగేశాను. సంఘ పెద్ద పేరు ఎందుకు చెప్పలేదు? గిన్నె నేను కూడా చూశాను కదా, సాక్ష్యం నేను చెప్పేదాన్ని కదా? గొంతు పెంచే అడిగాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా విషయం బయటపెట్టింది. సంఘ పెద్ద ఇంటికి పట్నం నుంచి ఎవరో చుట్టాలొస్తున్నారు. వాళ్ళకు దుప్పి కూర పెట్టాలని ఆయనకు సరదా పుట్టింది. తన పొలంలో కూలికొచ్చే ఆ కోయ మనిషికి చెప్పాడు. అతను ఉచ్చు వేశాడు. చుట్టాలు తినగా మిగిలింది దీనమ్మ వాకిటికి వచ్చింది. సాగు కోసం అడవి నరికి పోడు కొట్టాడని అతని మీద అప్పటికే ఓ కేసు ఉంది. పోడు భూములకు పట్టాలిస్తారని సర్వేలు జరుగుతున్న రోజులవి. ఇంకో కేసు పడితే అతనికి పట్టా రాదన్నది ఆమె భయం.

"నేను ఆయిన పేరు చెప్తె ఆయిన ఊకుంటడా? నేను కొనుక్కున్న, పట్టింది వాడు అంటడు. ఆయినకు వకీళ్ళు ఉన్నరు, ఇంటికొచ్చి కూసుంటడు. వానికి భూమి పోతది. గింతే బిడ్డా, దీంట్ల ఇంకేం లేదు."

మరి ఉచ్చు వేయడం తప్పు కాదా అన్నాను. తప్పే, వాణ్ణి నేను తిట్టిన తిట్లు నువ్వు వినలేదు అంది. విననక్కర్లేదు, ఆమె నోరు నాకు తెలుసు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ రోజు ఇంత కోపంతో రాసేదాన్ని కాదేమో. ఆ నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉన్న రోజు, పాస్టర్ గారు రాలేదు. సంఘ పెద్దే ముందు నిలబడ్డాడు. మన మధ్య ఒక సోదరి సంఘానికి తలవంపులు తెచ్చింది, దొంగమాంసం దాచింది, లేచి అందరి ముందు తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగేదాకా ఆమె బల్లకు దూరంగా ఉంటుంది అని ప్రకటించాడు. గొంతులో ఎంత జాలి, ఎంత బాధ. నేను దీనమ్మ పక్కనే చాప మీద కూర్చున్నాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"నేను ఆ తప్పు చెయ్యలే," అంది.

"జవాన్ల ముందు నావే అన్నవ్ గదా దీనమ్మా," అన్నాడాయన.

ఆమె ఆయన వంక చూసింది. ఆ గుడిలో ఉన్నవాళ్ళలో నిజం తెలిసినవాళ్ళం కొందరమే. ఆయనకు తెలుసు, ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్న ఆయన భార్యకు తెలుసు, నాకు తెలుసు. ఆమె గూడెం మనిషిని కాపాడటానికి చెప్పిన అబద్ధాన్నే పట్టుకుని ఆమె నోరు మూయించాడు ఆ మనిషి. నేను లేవబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు చిట్లింది.

"అవ్, అన్న," అని కూర్చుంది.

ఇంటికొచ్చాక నేను ఏడ్చాను, అరిచాను. ఆ రెండు ముక్కలూ ఊరికే అనేసి, క్షమాపణ అడిగేస్తే పోయేది కదా, బల్లకైనా పోయేదానివి కదా అన్నాను. జవానుకు అబద్ధం చెప్పినదానివి ఇక్కడ ఇంకొకటి చెప్తే ఏమవుతుంది అని కూడా అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూనే జవాబిచ్చింది.

"జవానుకు చెప్పింది వేరే. అది ఒకని భూమి కోసం చెప్పిన. గుడిల దేవుని ముందర చెయ్యని తప్పు చేసినన్నంటే అది ఎవరి కోసం? ఆ పెద్దమనిషి పరువు కోసం. ఆయిన పరువుకు నేను అబద్ధమాడ."

అంతే. తర్వాత నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, డీఎస్సీలో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాక కూడా, ఆమె ప్రతి ఆదివారం గుడికి పోయింది. గుడి మానలేదు, ఒప్పుకోలేదు. బల్ల ఉన్న రోజున రొట్టె ముక్కల పళ్ళెం చాపల మీదుగా చేతులు మారుతూ వచ్చేది. ఆమె చేతికి వచ్చినప్పుడు ఆమె తీసుకోకుండా పక్కావిడకు అందించేది. పక్కావిడ తీసుకుని తినేది. ఆ పక్కావిడ మామగారి దండ కూడా ఆ గోనెసంచుల్లో పోయిన వాటిలో ఉంది. ఆ పళ్ళెం అలా చేతులు మారుతుంటే చూడలేక నేను కళ్ళు మూసుకునేదాన్ని. భక్తి అనుకునేవారు.

మరుసటి ఎండాకాలం అదే జనం గిన్నెలు పట్టుకుని మళ్ళీ వాకిట్లోకి వచ్చారు. మొదట గూడెం వాళ్ళు, తర్వాత మిగతా వాళ్ళు. సిగ్గులేదా అని నేను గడపలో నిలబడి అడిగేదాన్నే, దీనమ్మ నన్ను లోపలికి నెట్టి అందరి దగ్గరా మాంసం తీసుకుంది. వాగు పొంగితే వాళ్ళ పిల్లలు ఏం తింటారు అంది. అయితే ఊరికే తీసుకోలేదు. ఒక్కొక్కరినీ వాళ్ళ తాతముత్తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టి, తిట్టడం అయ్యాకే గిన్నె అందుకుంది. వాళ్ళు తల వంచుకుని తిట్లు తిని, పేలిక కట్టి పోయారు. సంఘ పెద్ద ఇంటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. ఆ మండుటెండలో తునకలు గుచ్చుతూ ఆమె నాకు చెప్పిన మాట ఒకటుంది. కోపముంటే నోటితో తీర్చుకో, అన్నం కాడ తీర్చుకోకు అని. నేను టీచరుగా ఏ పిల్లనైనా ఎంత కోప్పడినా భోజనం గంటకు ముందే ఆపేస్తాను. నా మీద ఆమె వేసిన ముద్ర అది. తక్కిన వాళ్ళు దాన్ని నా మంచితనమనుకుంటారు.

గూడెం మనిషికి పట్టా వచ్చిన రోజు అతను దాన్ని కండువాలో చుట్టుకుని వచ్చి ఆమె ముందు పెట్టాడట. ఆమెకు చదవడం రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకోసారి అడవిలో ఉచ్చు వేశావంటే నీ కాళ్ళు నేనే విరగ్గొడతా అని తిట్టి పంపిందట. ఫోనులో నాకు చెప్తూ నవ్వింది. కేసు వాయిదాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. తీర్పు రాకుండానే ఆమె మంచాన పడింది.

ఖమ్మం దవాఖానాలో నేనే చేర్పించాను. ఆఖరి వారంలో ఓ మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో దాచుకున్నది చెప్తుందనుకున్నాను.

"నన్ను మట్టి చేసేనాడు ఆయిన నా మీద ప్రార్థన చెయ్యొద్దు. నన్ను క్షమించుమని దేవున్ని అడుగుతడు ఆయిన. అది నాకొద్దు. నువ్వు ఆపాలె."

ఆపుతానన్నాను. మాటిచ్చాక గానీ నా చెయ్యి వదల్లేదు.

ఆమె పోయింది వానల్లో. మట్టి చేసేనాడు వాగు పొంగి పాస్టర్ గారు అవతలే ఆగిపోయారు. శవాన్ని అంతకు ముందు రోజే నడుంలోతు నీళ్ళలో మంచం మీద మోసి దాటించినవాళ్ళు గూడెం వాళ్ళు. సమాధి తవ్వాక అందరూ చుట్టూ గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. సంఘ పెద్ద బైబిలు తెరిచి, తప్పిపోయిన మన సోదరిని అని మొదలుపెట్టాడు. నేను వెళ్ళి ఆయనకూ సమాధికీ మధ్య నిలబడ్డాను.

"మీరు చెయ్యొద్దన్నది పెద్దయ్యా," అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత ముఖం ఎర్రబడింది. ఎందుకు చెయ్యొద్దట, నువ్వెవరు ఆపడానికి అన్నాడు. నేనెవర్నీ కాను, ఆమె చెప్పింది, ఎందుకో ఇంత మంది ముందు చెప్పమంటారా అన్నాను. ఆయన భార్య గొడుగు కింద నుంచి, రండి పోదాం అంది. ఆ ఊళ్ళో ఆమె గొంతు పదిమందిలో నేను విన్నది అదొక్కసారే. ఆయన బైబిలు మూసి, బురదలో జారకుండా చూసుకుంటూ వెళ్ళిపోయాడు. వెంట ఎవరూ పోలేదు. కానీ నోరు విప్పిన వాళ్ళూ లేరు. అంత మంది క్రైస్తవులు, ఒక్కరికి ప్రార్థన రాలేదు. మళ్ళీ అదే గుంపు, కంప బయట నిలబడ్డట్టే నిలబడింది.

చివరికి నేనే ప్రభువు నేర్పిన ప్రార్థన ఎత్తుకున్నాను, మా ఆర్.సి.ఎం. మాటల్లో. కొంతమంది ఆడవాళ్ళు వాళ్ళ మాటల్లో కలిపారు. ఇతరుల తప్పుల్ని మేము క్షమించినట్టు మా తప్పుల్నీ క్షమించు అని అడిగే వాక్యం వచ్చింది. నాకు నోరు రాలేదు. ఆ వాక్యాన్ని వదిలేసి, వాళ్ళు పలికేదాకా ఆగి, తర్వాతి మాట అందుకున్నాను. మట్టి పోశారు.

ఈ సంగతి తెలిసిన వాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఇప్పుడు నీకేం భయం, ఆ పెద్దమనిషి పేరు రాసి పడెయ్యొచ్చు కదా అని. ఆయన ఇంకా ఉన్నాడు, ఇంకా గుడిలో ముందే నిలబడుతున్నాడు. రాయాలని నా చేతులు ఎంత దురదపెడతాయో నాకే తెలుసు. రాస్తే ఆయన ఊరుకోడు, పక్కనే ఇంకో పేరు చెప్తాడు. ఆ రెండో పేరు గల మనిషి కొడుకులు ఇప్పుడు ఆ పోడు చెలకలోనే పత్తి వేస్తున్నారు. కాబట్టి ఆ పేరూ రాయను, ఈ పేరూ రాయను, ఊరి పేరు కూడా రాయలేదు. ఆదివారం గుడిలో మాత్రం, మేము క్షమించినట్టు అనే ఆ వాక్యం వచ్చినప్పుడు మా ఆయనా పిల్లలూ పలుకుతారు, నేను నోరు మూసుకుంటాను.